పర్వతమా, పావురమా, తుమ్మెదా?

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పుర్‌లో గోల్ బజార్ పేరున్న అంగడి. రైల్వే కొలువులకు వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ‘గోల్’ అంటే హిందీలో గుండ్రమని తెలుసు. హిందీ రాని తెలుగు పరిశోధకుడొకడు వెయ్యేళ్ల తరువాత ఈ పేరును ఏదో కాగితంలో చూశాడనుకుందాం. దానిని తెలుగు ‘గోల’తో ముడిపెట్టి, కోలాహలానికి ప్రసిద్ధమైన సంత అని వ్యాఖ్యానిస్తాడు. క్షేత్ర పరిశీలనకు వెళితే అంగడిలో గోల నిజంగానే వినిపిస్తుంది. తప్పుడు వ్యుత్పత్తికి సాక్ష్యం సైతం దొరికినట్లే.

నవ్వు తెప్పించే ఈ ఊహకు నిజమైన ఉదాహరణ ఆ నేలను ఆశ్రయించుకొనే ఉంది. బిలాస్‌పుర్ ప్రాంతం ప్రాచీన దక్షిణ కోసలంలోనిది. ఆ దేశానికి నైరుతిగా 300 లీలకు పైబడిన దూరంలో ‘పో-లో-మో-లో-కి-లి’ అనే కొండ ఉందనీ, శాతవాహన రాజు ఆచార్య నాగార్జునుని కోసం అందులో అయిదంతస్తుల విహారాన్ని తొలిపించాడనీ 7వ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. స్టానిస్లాస్ జూలియన్ ఆ పేరును ‘పరమలగిరి’గా పునరుద్ధరించాడు. మూలంలో ఆ పేరుకు ఇచ్చిన చైనా అర్థంలో ‘ఫెంగ్’ అనే మాట ఉంది. ఒక లిపిచిహ్నంతో రాస్తే అది శిఖరం, మరొక చిహ్నంతో రాస్తే తుమ్మెద. ఉచ్చారణ మాత్రం ఒక్కటే. ‘నల్ల శిఖరం’ అన్నది బహుశా లేఖకదోషమనీ, ‘నల్ల తుమ్మెద’ అని చదివితే ‘భ్రమరగిరి’ కావచ్చుననీ 1884లో శామ్యూల్ బీల్ సూచించాడు. భ్రమరం అనగానే తెలుగువారికి శ్రీశైల భ్రమరాంబ స్ఫురించడం సహజం.

అంతకు రెండు శతాబ్దాల ముందు ఫాహియాన్ సైతం దక్షిణ దేశంలోని అయిదంతస్తుల రాతి విహారాన్ని వర్ణించాడు. ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, పావురం ఆకృతులలో ఉన్న ఆ అంతస్తుల వల్ల దానికి పావురం పేరు వచ్చిందట. తాను అక్కడికి వెళ్లలేదనీ, స్థానికులు చెప్పినదే రాస్తున్నాననీ అతడు దాచకుండా చెప్పాడు. ‘పర్వత’ శబ్దమే ‘పారావత’గా వినబడి ఉంటుందని పండితుల ఊహ. ఆ ఊహలన్నీ నిజమైతే ఒకే కొండ ఒకరి చెవిలో పావురమై, మరొకరి కలంలో తుమ్మెద అయింది.

దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్నదీ తేలలేదు. కోసల రాజధాని చాందా అని కన్నింగ్‌హామ్, వైరాగఢ్ అని ఫెర్గూసన్ భావించారు. తరువాత సిర్పుర్ పేరు ముందుకు వచ్చింది. లీని సుమారు అర కిలోమీటరుగా లెక్కిస్తే 300 లీలు 150 కి.మీ. సిర్పుర్ నుంచి నాగార్జునకొండకు తిన్నగా గీత గీసినా సుమారు 600 కి.మీ. వస్తుంది. అయినా ‘నాగార్జునుని కొండ’ అనే మాట వినగానే కొలబద్ద పక్కకు జరుగుతుంది.

1926లో వెలుగుచూసిన నాగార్జునకొండ శాసనాలను ఫోగెల్ ప్రకటించాడు. వాటిలో శ్రీపర్వతం ఉంది, విజయపురి ఉంది. ఆచార్య నాగార్జునుని పేరు లేదు. టిబెట్ సంప్రదాయం ఆయనను శ్రీపర్వతంతో ముడిపెట్టిన మాట నిజం. దానిని సంప్రదాయంగా పేర్కొనడంలో దోషం లేదు. దోషం మరొక చోట ఉంది. బీల్ తన పాదసూచికలో ‘బహుశా’ అన్నాడు. ఒకరి నుంచి ఒకరు ఉటంకించుకొంటూ పోయిన రచనలలో ఆ ‘బహుశా’ జారిపోయి, ‘భ్రమరగిరి’ హ్యుయాన్‌త్సాంగ్ స్వయంగా రాసిన పేరైంది. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ప్రతివారూ ముందువారిని గౌరవించారు. అందుకే దిద్దడం కష్టం.

ఈ పొరపాటుకు మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. వీరపురుషదత్తుని కాలంలో మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి పేరు ఆ రాళ్లపై ఉంది. శ్రీపర్వతం మీద చుళధమ్మగిరిలో తామ్రపర్ణి థేరుల కోసం చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి పేరు ఉంది. శాసనాలలో లేని ఆచార్యుని కోసం అంతగా వెదికే వ్యాసాలు, పేరు చెక్కించుకొని నిలిచిన ఈ స్త్రీలను తరచు ఒక్క వాక్యంతో దాటవేస్తాయి.

దీనికి కొత్త తవ్వకాలు అక్కరలేదు. యాత్రికుడు రాసిన ధ్వని, పండితుడు పునరుద్ధరించిన పేరు, పటంపై గుర్తించిన స్థలం: ఈ మూడింటినీ మూడు వేర్వేరు వాక్యాలలో, ఎవరి మాటో చెప్పి రాస్తే చాలు. తెలుగులో ‘కాబోలు’ అనే చక్కని మాట ఉంది. రెండవ వాక్యంలోనూ మూడవ వాక్యంలోనూ దానికి చోటు ఉండాలి. బోధిసిరి దానాన్ని గురించి రాసేటప్పుడు మాత్రం దాని అవసరం రాదు.