గడప దగ్గర నిలబడ్డ ప్రేక్షకురాలు

నేను సభ్యురాలిగా ఉన్న ఫిల్మ్ సొసైటీకి సొంత హాలంటూ లేదు. హైదరాబాదులోని ఒక పాత కాలనీలో, గ్రంథాలయం మేడ మీద, నెలకో ఆదివారం సాయంత్రం ఆరింటికి బల్లలు పక్కకు జరిపి, తెర కట్టి సినిమా వేస్తాం. టికెట్ ఉండదు. తలుపు దగ్గర ఒక డబ్బా పెడతాం, ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. సామాజిక స్పృహ ఉన్న సినిమాలే వేయాలని, ప్రతి సినిమా తర్వాత చర్చ తప్పకుండా ఉండాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నాం. సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను కాబట్టి చర్చ మొదలుపెట్టే పని చాలాసార్లు నా మీదే పడుతుంది. నాకూ అది ఇష్టమే, దాచుకోవడం ఎందుకు!

బి. నర్సింగరావు 'దాసి' (1988) వేసిన సాయంత్రం నుంచి ఆ ఇష్టంలో ఏదో కలుక్కుమంటోంది.

ఆ హాలు ఊడ్చి తాళం వేసుకుని వెళ్ళే అక్క ఆ రోజు కాస్త ముందే వచ్చింది. సినిమా ఇంకా నడుస్తోంది. చీపురు చేత్తో పట్టుకునే గడప దగ్గర నిలబడి చివరిదాకా చూసింది. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి కూర్చోమని మాలో ఎవరమూ అనలేదు. దాసీతనం మీద గంటసేపు చర్చించుకున్నాం. మేం కుర్చీలు మడుస్తుంటే ఆమె నా దగ్గరకొచ్చి అడిగింది: "గామె గంత సేపు నోరే ఇప్పదేంది మేడం?"

ఆ సినిమాకి మౌనమే భాష అన్నాను. గడీలో దాసికి మాట్లాడే హక్కు లేదు కాబట్టి దర్శకుడు ఆ మౌనాన్నే కథ చేశాడని చెప్పాను. అంతకు పది నిమిషాల ముందు చర్చలో అన్న మాటలే ఇంకొంచెం సులువు చేసి అప్పజెప్పాను. ఆమె విన్నది. "దొరసాని ముంగటైతే నోరు మూస్తం. బాయి కాడ గూడ మూస్తమా? బాయి కాడ మస్తు తిడ్తం" అంది. నేను మళ్ళీ ఏదో వివరించబోయాను. "గట్లనా" అని ఊడవడం మొదలుపెట్టింది.

ఆ 'గట్లనా' నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమె వేసింది విమర్శకురాలి ప్రశ్న. నేను ఇచ్చింది టీచరు జవాబు. ఆమె ప్రశ్న వెంటబెట్టుకుని, ఆ ఏడాది మా సొసైటీ వేసిన సినిమాలను మళ్ళీ ఒక్కదాన్నే కూర్చుని చూశాను.

ముందు శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974). తెలంగాణ పల్లెను దక్కనీ యాసతో హిందీ తెర మీదికి తెచ్చిన సినిమా. లక్ష్మిగా షబానా ఆజ్మీ చివర్లో భూస్వామి కొడుకు సూర్యను శాపనార్థాలు పెడుతుంది, ఒక పిల్లవాడు ఆ ఇంటి కిటికీ మీదికి రాయి విసురుతాడు. మా చర్చంతా ఆ రాయి చుట్టూనే తిరిగింది. తిరుగుబాటుకు మొలక అదేనని ఒకరు, అది రొమాంటిక్ ముగింపని మరొకరు! అయితే రాయి కంటే చాలా ముందే ఒక 'కాదు' ఆ సినిమాలో ఉంది. గర్భం తీయించుకోమని సూర్య అంటే లక్ష్మి ఒప్పుకోదు. తన కడుపు మీద నిర్ణయం తనదేనని నిలబడుతుంది. అదే సినిమాలో భర్తను వదిలి వేరే కులం మనిషితో వెళ్ళిన ఒక స్త్రీని పంచాయతీకి ఈడుస్తారు. తనకు బిడ్డ కావాలని ఆమె అంతమంది మగవాళ్ళ ముందు నోరు విప్పి చెబుతుంది. మొగుడి దగ్గరికే పొమ్మని తీర్పు. తర్వాత ఆమె శవాన్ని చూస్తాం. రాయి గురించి అంతసేపు మాట్లాడిన మాలో ఒక్కరికి కూడా ఆ స్త్రీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. సినిమాలో ఉన్న మాటను కూడా మేం వినలేదన్నమాట.

'మా భూమి' (1979) సంగతి వేరు. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా హైదరాబాదులో ఉదయం ఆటలుగా ఏడాది ఆడింది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని పాటతో, పనితో, చెమటతో చూపించిన ఆ సినిమా మీద నాకు గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కానీ కథలో చంద్రిని చూడండి. రామయ్య ప్రేమించిన అమ్మాయి. దొర లైంగిక దౌర్జన్యానికి ఆమె లొంగాల్సి రావడం రామయ్యను ఊరు విడిచిపోయేలా చేస్తుంది. అక్కణ్ణుంచి కథ అతనితో నడుస్తుంది. అతను పట్నం చూస్తాడు, చదువు నేర్చుకుంటాడు, ఉద్యమంలోకి వస్తాడు. గాయం ఆమెకైతే, చైతన్యం అతనికి వచ్చింది! ఆ రాత్రి తర్వాత చంద్రి ఏం ఆలోచించిందో, బావి దగ్గర ఎవరితో ఏం చెప్పుకుందో మనకు తెలియదు. స్త్రీ శరీరం మీద జరిగిన దౌర్జన్యం పురుషుడి తిరుగుబాటుకు కారణంగా మాత్రమే పనికిరావడం మన అభ్యుదయ కథల్లోనూ, నవలల్లోనూ చూస్తూనే ఉన్నాం. నా పరిశోధనలో దీని మీద ఒక అధ్యాయమే రాశాను. తెర మీద కనిపించినప్పుడు మాత్రం పాటకు చప్పట్లు కొట్టి ఊరుకున్నాను.

మళ్ళీ 'దాసి' దగ్గరికి వస్తాను. కమలాక్షిగా అర్చన నటన, ఎ.కె. బీర్ కెమెరా, తోట వైకుంఠం కళాదర్శకత్వం... జాతీయ పురస్కారాలు ఊరికే రాలేదు. ఈ సినిమా చేసిన గొప్ప పని ఒకటుంది. చాకిరీకి ఉన్న కాలాన్ని కత్తిరించకుండా చూపించడం. పని తర్వాత పని. పగలు దొరసానికి, రాత్రి దొరకు. గర్భం వస్తే అది ఉండాలో పోవాలో గడీయే తేలుస్తుంది. దొరసాని కూడా ఆ గోడల మధ్య బందీయే, కానీ తన బందిఖానా బరువును ఆమె కమలాక్షి మీదికి దించగలదు. స్త్రీలందరం ఒకటే అనే తేలిక మాటను ఇంత నిక్కచ్చిగా కాదన్న సినిమాలు తెలుగులో తక్కువ. కాబట్టి మౌనం ఇక్కడ అలంకారం అనను. అది గడీ లోపలి అధికారం చేసే చప్పుడు లేని చప్పుడు.

అయినా అక్క ప్రశ్న ప్రశ్నగానే ఉంది. గడీలో దాసి ఒక్కతే ఉండదు. వంటింట్లో, బావి దగ్గర, పశువుల కొట్టంలో ఆమెలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. దొర చెవిన పడని చోట వాళ్ళు మాట్లాడుకుంటారు, తిడతారు, నవ్వుకుంటారు, పాడుకుంటారు. ఆ మాటల్ని దాదాపు తీసేశాక మిగిలిన మౌనం చాలా అందంగా ఉంది. ఆ అందం మాలాంటి ప్రేక్షకులకు కమలాక్షి మీద జాలిపడే వీలు ఇస్తుంది. ఆమె మనల్ని చూసి ఏమనుకుంటుందోనన్న బెరుకు మాత్రం పుట్టించదు. గడప దగ్గర నిలబడ్డావిడ చూసింది ఈ లోటునే. నేను చూడలేకపోయింది కూడా ఇదే.

మాటలు లేవా అంటే, ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నిండా ఉన్నవి అవే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ సంగతులు తామే చెప్పుకున్న పుస్తకం అది. తుపాకీ పట్టిన రోజుల గురించి చెప్పినంత సూటిగా, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పటి బాధ గురించీ చెప్పారు. దళంలో ప్రసవాల గురించి, వదిలేయాల్సి వచ్చిన బిడ్డల గురించి చెప్పారు. చెప్పేవాళ్ళు మొదట్నుంచీ ఉన్నారు. కూర్చుని వినడానికి టేప్ రికార్డరు పట్టుకుని ఆడవాళ్ళు వెళ్ళేసరికి ముప్ఫయ్యేళ్ళు పైగా పట్టింది.

వినడం అనే ఈ పనే ఫిల్మ్ సొసైటీ కూడా చేయాల్సిందని నాకిప్పుడు అనిపిస్తోంది. కానీ మన ఫిల్మ్ సొసైటీల చరిత్రను మనం చెప్పుకునే తీరు కూడా చూడండి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారన్న దగ్గర మొదలుపెడతాం. మన హైదరాబాదులో బెనెగల్ విద్యార్థిగా ఉన్నప్పుడే ఫిల్మ్ సొసైటీ నడిపాడని గర్వంగా చెప్పుకుంటాం. 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్ళలో విజయా మూలే అనే స్త్రీ ఉందని ఎంతమందికి తెలుసు? ఆమె పాట్నాలో, ఢిల్లీలో సొసైటీలు నడిపింది, సమాఖ్యకు సంయుక్త కార్యదర్శిగా పనిచేసింది. 2019లో ఆమె చనిపోయాకే నేను ఆమె పేరు మొదటిసారి విన్నాను. అప్పటికి నేను ఫిల్మ్ సొసైటీల సినిమాలు చూడబట్టి చాలా ఏళ్ళయింది.

మా హాలు సంగతే తీసుకుంటే, ఆరింటికి మొదలయ్యే సినిమా ఎనిమిదింటికి అవుతుంది. చర్చ మొదలయ్యే సరికి ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. వంట చేయాలి, పిల్లల హోమ్‌వర్కు చూడాలి, పొద్దున్నకి పప్పు నానబెట్టాలి. చివరిదాకా కూర్చునేది వంట చేయనక్కర్లేనివాళ్ళు. 'దాసి' రోజు చర్చలో మాట్లాడిన ఆడవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకదాన్ని నేను. నాకు పిల్లలు లేరు, ఆ రోజు వంట అమ్మ చేసింది. నా గొంతు ఖంగుమని వినిపించడం వెనక అమ్మ చాకిరీ కూడా ఉంది. చాకిరీ గురించి మాట్లాడటానికి తీరిక కావాలి. ఆ తీరిక ఇంకెవరి చాకిరీ నుంచో వస్తుంది!

తర్వాతి నెలలో 'ఇది కథ మాత్రమేనా' (1983) వేద్దామన్నాను. దీపా ధన్‌రాజ్ తదితరులు 1980లో మొదలుపెట్టిన యుగాంతర్ బృందం, స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీసిన అరగంట లోపు తెలుగు సినిమా. అంతకుముందు ఈ బృందం పుణెలోని ఇంటిపనివాళ్ళతో 'మోల్‌కరీణ్', నిపాణీలోని పొగాకు కార్మికురాళ్ళతో కలిసి ఇంకొక చిత్రం తీసింది. ఎవరి గురించి తీస్తున్నారో వాళ్ళతో కూర్చుని మాట్లాడి, ఆ మాటల్లోంచే సినిమా తయారుచేయడం వాళ్ళ పద్ధతి. చూపించడం కూడా అలాగే. తెరను జనం ఉన్న చోటికి మోసుకెళ్ళడం, చర్చను సినిమాలో భాగంగా చూడటం. ఎన్నో ఏళ్ళు దొరకని ఈ సినిమాలు బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ సాయంతో ఈమధ్య మళ్ళీ చూడగలిగేలా అయ్యాయి.

ఈసారి మధ్యాహ్నం మూడింటికి పెట్టాం. కుర్చీలు గుండ్రంగా వేశాం. సినిమా చిన్నది, ఒక మధ్యతరగతి ఇల్లాలి కథ. హింస ఒక్క దెబ్బగా కాక, రోజూ జరిగే చిన్న చిన్న అవమానాలుగా, అలసటగా, దిగులుగా కనిపిస్తుంది. తిరుగుబాటుకు రాళ్ళేమీ లేవు. తన గురించి ఆలోచించుకోవడం, ఇంకొకరితో చెప్పుకోగలగడం, అంతే.

చర్చలో మొదటి మాట మా పాత సభ్యుడిదే. విషయం మంచిదే కానీ సినిమాగా బలహీనం, సంభాషణలు ఎక్కువ అన్నారు. ఆయన మంచి ప్రేక్షకుడు, ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి ఉన్నాయి. కానీ ఆయన 'దాసి'లోని మౌనాన్ని కళ అని, ఇక్కడి మాటల్ని బలహీనత అని అన్నప్పుడు, మా సొసైటీ ఇన్నాళ్ళూ వాడుతున్న తూకం రాళ్ళు ఏమిటో నాకు అర్థమైంది. బాధపడుతూ మాట్లాడని స్త్రీ సినిమా అవుతుంది. కూర్చుని మాట్లాడుకునే స్త్రీలు డాక్యుమెంటు అవుతారు! జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. ఈసారి ఆపుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ ముందే లేచి వెళ్ళిపోయే ఒకావిడ, "మా ఇంట్లో కొట్టరండీ. అందుకని ఏమీ జరగనట్టే అనుకుంటూ ఉంటాను" అంది. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. పక్కనున్నావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అంతకు మించి పెద్ద చర్చేమీ జరగలేదు. కానీ ఆ రోజు అందరూ ఐదున్నరదాకా కూర్చున్నారు.

అక్క కూడా వచ్చింది. నేనే పిలిచాను. కుర్చీలోనే కూర్చుంది. సగంలో లేచి, "నల్లా వచ్చే టైం మేడం" అని వెళ్ళిపోయింది. మూడు గంటలైతే ఆడవాళ్ళందరికీ కుదురుతుందని లెక్క వేసిన నాకు ఆమె బస్తీకి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

సామాజిక స్పృహ సినిమాలో ఎంత ఉందో కొలవడం మనకు బాగా వచ్చు. సినిమా చూపించే గదిలో అది ఎంత ఉందో కొలవడానికి వేరే లెక్కలు కావాలి. ఎన్నింటికి మొదలుపెడుతున్నాం, ఎవరు లేచి వెళ్ళిపోతున్నారు, ఎవరు గడప దగ్గర నిలబడుతున్నారు, మొదటి మాట ఎవరిది? ఈ ప్రశ్నలు సినిమా విమర్శలోకి రావని చెప్పే విమర్శనే నేనూ చదువుకున్నాను, పాఠాలుగా చెప్పాను కూడా.

వచ్చే నెల 'దాసి' మళ్ళీ వేస్తున్నాం. నల్లా ఏ రోజు రాదో అక్కను అడిగి తేదీ పెట్టాం. "గా మూగామె సినిమా మళ్ల ఎందుకు మేడం" అని నవ్వింది. మీరు బావి దగ్గర ఏమని తిడతారో వినాలని ఉంది అన్నాను. "గవి మీ ముంగట చెప్పే మాటలు గావు" అంది. చెప్పకపోవచ్చు. నేనింకా దొరసాని వైపే ఉన్నట్టు ఆమెకు కనిపిస్తున్నానేమో. అది తేలాలంటే ముందు నేను కాసేపు ఊరుకోవడం నేర్చుకోవాలి.