పరభాషయందు స్వభాషాశాస్త్రము

తెలుఁగు భాషను గూర్చిన ప్రౌఢపరిశోధన తెలుఁగునఁ గాక యింగ్లీషున వెలువడుచున్నదని మన పండితులు తఱచుగాఁ జేయు నాక్షేపణమున సగపాలు మాత్రమే సత్యము. పరభాషలోఁ దెలుఁగు వ్యాకరణము వ్రాయుట మనకు వింత గాదు. నన్నయకృతమని చెప్పఁబడు ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతసూత్రమయము. అథర్వణకారికలును, అహోబలపతి వ్యాఖ్యయు సంస్కృతములే. దానివలన భాషకు హాని కలుగలేదు. ఏలయన, ఆ విషయము తెలుఁగునకు మరలి వచ్చినది. ఎలకూచి బాలసరస్వతి చింతామణికిఁ దెలుఁగు టీక రచించెను. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును దెలుఁగు సూత్రములలోనే వెలువరించెను. కావున విచారింపవలసినది వ్రాసిన భాష యేదియని కాదు, వ్రాసినది మరలి వచ్చుచున్నదా యని.

ఇందులకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషి మంచి నికషము. వీరు మా నల్లగండ్లకుఁ బొరుగుననున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 1986 మొదలు 1993 వఱకు నుపాధ్యక్షులు. 1961లోఁ గాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన వీరి 'తెలుగు వెర్బల్ బేసెస్' ఇంగ్లీషు గ్రంథము. బడిలో మనము వాఁడు, రెండు, మ్రాను, వ్రాయు అను పదములను దేశ్యములని చెప్పి యూరకుందుము. తమిళమున వీనికి సరియైనవి అవన్, ఇరండు, మరం, వరై. మొదటి యచ్చును దాని తరువాతి హల్లును స్థానములు మార్చుకొనుటచేతనే మన పదాదిని రేఫాదులును సంయుక్తములును నేర్పడినవని యీ గ్రంథము నిరూపించును. వైయాకరణునకు దీనిలోఁ గొఱుకుడు పడనిదేమియు లేదు. హింసధాతువునుండి సింహశబ్దమును సాధించుచు మహాభాష్యకారుఁడు చెప్పిన వర్ణవ్యత్యయమే యిది. భేదమొక్కటి గలదు, అది చిన్నది గాదు: భాష్యమున నది యొక్కొక్క పదమునకుఁ జెప్పిన సమాధానము, ఇచట నది యే హల్లుల యెడఁ గలుగునో తెలుపుచు నొక పదవర్గమునంతయు నేలు నియమము. ఇంత ప్రయోజనకరమైన విషయము మన పాఠశాలావ్యాకరణములలోఁ జేరకుండుటకు విషయకాఠిన్యము హేతువు గాదు.

ఐనను గృష్ణమూర్తిగారిని నిందింప వలనుపడదు. వారి సంపాదకత్వమున 1974లో సాహిత్య అకాడమీవారు ప్రకటించిన 'తెలుగు భాషా చరిత్ర' తెలుఁగు గ్రంథమే. వ్యవసాయ మాండలికపదకోశమును వారు అంతకుముందే తెలుఁగున సమకూర్చిరి. లోకమున వారి కీర్తికి ఇంగ్లీషు గ్రంథములే మూలము కావచ్చును. తెలుఁగు విద్యార్థికి నేను మొదట నిచ్చునది భాషాచరిత్రనే.

జపానువారిని జూపి మనలను గించపఱచుట యొక వాడుకయైనది. ఆ పోలికను మన హైదరాబాదే మొదట గట్టిగాఁ జేసినది. 1918లో నుర్దూ బోధనాభాషగా నుస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. ఇచటి విద్యాధికారి రాస్ మసూద్ 1922లో జపానుకుఁ బోయి, యచటి విద్యావిధానముపై మఱునాఁటి యేఁడు గ్రంథము ప్రకటించెను. స్వభాషలో శాస్త్రము చెప్పవచ్చునన్న పాఠము మన దొరతనమువారికి నచ్చినది; ప్రజలలోఁ బెక్కుమందికి స్వభాష తెలుఁగన్న మాట మాత్రము చెవిఁ బడలేదు. 1948 తరువాత నుర్దూ దిగిన పీఠమున నింగ్లీషు కూర్చుండెను.

జపానులోను శాస్త్రజ్ఞులు నేఁడు పెక్కువ్యాసముల నింగ్లీషుననే ప్రకటించుచున్నారు. టొమోనాగా తన క్షేత్రసిద్ధాంతవ్యాసమును 1943లో జపానుభాషలోఁ బ్రకటించెను. యుకావా స్థాపించిన పత్రికలో నదియే 1946లో నింగ్లీషున వెలువడెను. ఆ కృషికే 1965లో నోబెలు బహుమానము లభించినది. ఆయనకు మొదటి చదువరులు తన దేశీయులే. 2008లో మస్కావా నోబెలు ప్రసంగమును జపానుభాషలోనే చేసెను. అచట నింగ్లీషు ప్రకటనమునకు వాహనము. చదువునకుఁ బునాది స్వభాష. మనకో, రెండును నింగ్లీషే.

దీని ఫలము మా ప్రాంతముననే కానవచ్చును. గచ్చిబౌలిలోని త్రిపుల్ ఐటీయందు యంత్రమునకుఁ దెలుఁగు నేర్పు ప్రయత్నము జరుగుచున్నది. ఇట్టి కృషిని దెలుపు వ్యాసములు ఇంగ్లీషున వెలువడును. ద్రుతమెచట నిలుచునో, గసడదవాదేశమెచటఁ బ్రవర్తించునో చిరకాలముగా బోధించిన బడిపండితుఁడు ఆ నియమములలోని లోపమును దిద్దఁగలఁడు. ఆ వ్యాసమును జదువలేఁడు. వ్రాసినవారికిఁ బరీక్షకుఁడును, పండితునకుఁ గ్రొత్త యెఱుకయు నొక్కమాఱే దూరమగుచున్నవి.

ఉద్యోగోన్నతికి ఇంగ్లీషు వ్యాసములకే విలువ యెక్కువయని పరిశోధకులందురు. వారు వాని మానవలసిన పని లేదు. ప్రతి యింగ్లీషు వ్యాసమునకును రెండుపుటల తెలుఁగు వృత్తి వ్రాసి యిట్టి పత్రికలకుఁ బంపినఁ జాలును. సూత్రము సంస్కృతమైనను వృత్తి తెలుఁగైన చింతామణి మార్గమే యిది. ఇట్టి వృత్తులకుఁ బుటలు కేటాయించుట మన పరిషత్తు విధి. వాని రచనలో మొదటఁ దేలవలసినది పరిభాష. పైఁజెప్పిన కార్యమును భాష్యమునుబట్టి వర్ణవ్యత్యయమందుమా, కాశిక నాశ్రయించి వర్ణవిపర్యయమందుమా? నేను భాష్యపక్షమువాఁడను, ప్రతిపక్షులు తమ హేతువులను దెలుఁగుననే వ్రాయుదురుగాక.