కోడ్ అనువాదంలో మూలవిధేయత: పైథాన్ భాగహార చిహ్నం

యథాతథానువాదానికి మూలవిధేయత సహజగుణమనే భావన అనువాద విమర్శలో తరచు కనిపిస్తుంది. ప్రోగ్రామింగ్ భాషల మధ్య అనువాదంలో ఈ భావన నిలవదు. పైథాన్ 2లో రాసిన కోడ్‌ను 2008లో వెలువడిన పైథాన్ 3లోకి మార్చడానికి '2టు3' అనే ఉపకరణం ఉండేది. ప్రింట్ ఆదేశానికి కుండలీకరణాలు చేర్చడం వంటి రూపభేదాలను అది చక్కగానే సవరిస్తుంది. భాగహార చిహ్నాన్ని మాత్రం తాకదు. 7ను 2తో భాగిస్తే పాత భాషలో 3, కొత్త భాషలో 3.5 వస్తుంది. సంస్కృతంలో ఊహించి నిర్ణయించడమనే అర్థమున్న 'అనుమానం' తెలుగులో సందేహమైనట్లే, ఇక్కడ చిహ్నం మారలేదు, అర్థం మారింది.

చిహ్నానికి ఇరువైపులా ఉన్నవి పూర్ణాంకాలో కావో చాలాసార్లు ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తెలుస్తుంది. కనుక ఉపకరణం మౌనం సమర్థనీయమే. ఆ మౌనాన్ని అంగీకారంగా చదివిన అనువాదకునిదే దోషం. ఆ 3.5 జాబితాలో స్థానసంఖ్యగా వస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, తప్పు బయటపడుతుంది. లెక్కలో కలిసిపోతే ఏ హెచ్చరికా ఉండదు.

మూలంలోని 3 రచయిత ఉద్దేశమే అయితే రెండు గీతల చిహ్నం వాడి దాన్ని నిలపాలి. అదే పొరపాటైతే 3.5ను ఉంచడం అనువాదం కాదు, పాఠపరిష్కరణ.