సీసా మీది శాతం

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో నీటి చిక్కదనానికి కొలత బోమె డిగ్రీ. 3 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే సముద్రపు నీరు ఎండకు ఇగిరి ఇగిరి 25 దగ్గరికి చేరాక ఉప్పు పేరుకుంటుంది. నీళ్లలో తేలే గాజు గొట్టం, అంటే హైడ్రోమీటర్, ఆ సంగతి పట్టిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన ఆంత్వాన్ బోమె 1768లో ఈ కొలమానం రూపొందించాడు.

బీరు బలాన్ని తేల్చేదీ ఇలాంటి గొట్టమే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, వేడినీళ్లలో నానబెట్టి తీసిన తీపి రసంలో వదిలితే అది పైకి తేలుతుంది. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మార్చేకొద్దీ రసం పలచబడి, గొట్టం కిందికి దిగుతుంది. పులియకముందు 1.048 చూపి, పులిశాక 1.010 దగ్గర ఆగిందంటే ఆల్కహాలు సుమారు 5 శాతం.

తాటికల్లుకు ఈ లెక్కలేవీ లేవు. కుండకు సున్నం రాయకపోతే చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి కైపెక్కిస్తుంది.

దేశాల మధ్య బీరు బలాన్ని పోల్చేటప్పుడు తికమక ఈ శాతంతోనే. చెక్ పిల్స్‌నర్ ఉర్క్వెల్ 4.4 శాతం, ఐర్లండ్ గిన్నిస్ డ్రాఫ్ట్ 4.2. బెల్జియం మఠంలో సన్యాసులు కాచే వెస్ట్‌ఫ్లెటెరెన్ 12 మాత్రం 10.2. అయితే చెక్ సీసాల మీద కనిపించే 10, 12 ఆల్కహాలు శాతం కాదు, పులియకముందు రసం చిక్కదనం. అక్కడి 12 డిగ్రీల బీరులో ఆల్కహాలు సుమారు 5 శాతమే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చాలాకాలం బరువు లెక్కన చెప్పేవి, ఆ 3.2 మన ఘనపరిమాణ లెక్కలో 4.

శ్రీకాకుళం జిల్లాలోనే, రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ కర్మాగారం ఉంది. మన దేశంలో 5 శాతం దాటి 8 దాకా ఉన్నది స్ట్రాంగ్ బీరు. అమ్మకాల్లో సింహభాగం దానిదే. ఇది విచారించాల్సిన విషయం. 4 శాతంలో నిండు రుచి తేవడమే అసలు పనితనం. పలచని బీరులో మాల్టు లోపం దాగదు.

పైగా 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులు రెండు తాగినా దాదాపు అంతే. “బీరే కదా” అనుకుని టెక్కలి దగ్గర హైవే ఎక్కేవాళ్లు ఈ గుణకారం తప్పక చేసుకోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం చట్టప్రకారం నేరం.