గాలి ఆడితే కంపు పోతుంది

పాత తెరచాప పడవల్లో చాలావాటికి లోపలికి దిగగానే ముక్కుకి తగిలే మురుగు కంపు ఒకటి ఉంటుంది. పడవ అన్నాక ఆ మాత్రం తప్పదులే అని సర్దుకుపోయేవాళ్లే ఎక్కువ. అలా సర్దుకుపోనక్కర్లేదని చెప్పడానికే ఈ వారం కాలమ్.

నా పడవ మేరీలాండ్‌లో, చెసపీక్ బే మీద తిరుగుతుంది. అమెరికాలో తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల లోపు శుద్ధి చేయని మురుగు నీళ్లలోకి వదలకూడదు. అందుకే టాయిలెట్ ఉన్న పడవల్లో ఎక్కువ వాటికి మురుగు నిలవచేసే హోల్డింగ్ ట్యాంకు ఉంటుంది. మరీనాకి వచ్చాక పంపౌట్ గొట్టం తగిలించి దాన్ని ఖాళీ చేయిస్తాం. ఆ ట్యాంకు మీంచి బయటికి పోయే సన్నటి గొట్టమే వెంట్. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు పక్కన నిలబెట్టే గాలి గొట్టం పనే దీనిదీ. ఇది మూసుకుపోతే టాయిలెట్ పంపు కొట్టేకొద్దీ ట్యాంకులో ఒత్తిడి పెరిగి, డెక్ మీద పంపౌట్ మూత తీసినవాళ్ల మీదికి చిమ్ముతుంది. ఆ స్థితిలో పంపౌట్ యంత్రం గట్టిగా లాగితే ట్యాంకు గోడలే లోపలికి కుంగిపోవచ్చు.

ఇక కంపు సంగతి. ప్రాణవాయువు అందినప్పుడు మలాన్ని అరిగించే సూక్ష్మజీవులు వేరు, అందనప్పుడు పెచ్చుమీరేవి వేరు. మొదటివాటి వల్ల ముఖ్యంగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్, దానికి వాసన లేదు. రెండోవాటి వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లిన గుడ్డు కంపు దానిదే. పడవల దుర్వాసన మీదే పుస్తకం రాసిన పెగ్గీ హాల్ ట్యాంకుకి గాలి ధారాళంగా అందాలని పట్టుబట్టింది ఇందుకే.

నా పడవలో వెంట్ 5/8 అంగుళాల గొట్టం. ట్యాంకు నుంచి బయల్దేరి, బీరువా వెనక కిందికి దిగి, మళ్లీ పైకెక్కి, పక్కగోడలో చిన్న రంధ్రం దగ్గర తేలేది. దిగినచోట నీళ్లు నిలిచి గాలికి అడ్డుపడేవి. పడవ ఆ పక్కకి ఒరిగితే బే నీళ్లు రంధ్రంలోంచి తోసుకొచ్చేవి. కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టినా అంతే, దారి బంద్.

కొత్త దారికి మూడే నియమాలు: గొట్టం లావుగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, ఎక్కడా పల్లం ఉండకూడదు. 5/8 తీసి 1 అంగుళం వేస్తే గాలి దారి వైశాల్యం రెండున్నర రెట్లవుతుంది. ఒకటిన్నర వేస్తే ఆరు రెట్లకి దగ్గర. రెండు చివర్ల ఫిట్టింగులూ అదే సైజుండాలి, ఒక్కచోట సన్నబడినా లాభం తగ్గిపోతుంది. వీలుంటే రెండు పక్కలా చెరో వెంట్ పెడితే మరీ మంచిది, ఇటు వీచిన గాలి ట్యాంకులోంచి అటు పోతుంది. వాసన పీల్చే కార్బన్ ఫిల్టర్ నేను పెట్టలేదు. అది తడిస్తే పనిచెయ్యదు, పొడిగా ఉన్నా గాలికి అడ్డమే.

పని మొదలుపెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేయించి, నీళ్లు పోసి మళ్లీ లాగించాలి. కిటికీలు, హాచ్‌లు అన్నీ తెరవాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రమాదకరం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది కాబట్టి వాసన రావట్లేదని ధైర్యపడకూడదు. పాత గొట్టాల్ని పరీక్షించడానికి వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టి, చల్లారాక వాసన చూడాలి. గుడ్డకి కంపు అంటితే అది గొట్టం గోడల్లోంచే ఊరుతోందన్నమాట. దాన్ని మార్చాల్సిందే.

కొత్త వెంట్‌ని డెక్ అంచు కిందికి, వీలైనంత ఎత్తుకి తీసుకెళ్లాను. గొట్టం జారి వేలాడకుండా దగ్గరదగ్గరగా క్లిప్పులు కొట్టాను. గొట్టం మీద అరచెయ్యి ఆన్చి ట్యాంకు నుంచి బయటిదాకా జరుపుకుంటూ పోతే చెయ్యి ఎక్కడా కిందికి దిగకూడదు. ఇప్పుడు పంపౌట్ అయ్యాక డెక్ కడిగినప్పుడల్లా బయట్నుంచి వెంట్‌లోకి కూడా నీళ్లు కొడతాను. కంపు లేక పడవ ముందు గదిలో హాయిగా నిద్రపడుతోంది.

దుకాణాల్లో వాసన మందుల సీసాలు బారులు తీరి ఉంటాయి. వాటి జోలికి పోయే ముందు ఈ గొట్టం సంగతి చూడండి. పాత పడవ కొనబోతుంటే ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందని అడిగినట్టే, వెంట్ ఎంత లావుంది, ఎటునుంచి ఎటు పోతోంది అని కూడా అడగండి.