చుక్కాని పట్టిన గణితం: మినోర్‌స్కీ వ్యాసంపై ఒక విమర్శ

చీపురుపల్లి నుంచి గరివిడి పోయే దారిలో సైకిలు నేర్చుకునే కుర్రవాణ్ణి చూడండి. బండి కుడికి పోతున్నదని హేండిలును ఎడమకు లాగుతాడు. అది హద్దు దాటుతుంది. మళ్ళీ కుడికి లాగుతాడు. దారి పొడుగునా పాము మెలికలే. చేయి తిరిగినవాడైతే బండి దారికి వస్తూండగానే పట్టు సడలిస్తాడు. ఈ తేడాను సమీకరణాలలో పెట్టిన వ్యాసమొకటి 1922లో అమెరికా నౌకా ఇంజనీర్ల సంఘం పత్రికలో వెలువడినది. రచయిత రష్యాలో పుట్టిన నికొలస్ మినోర్‌స్కీ. విషయం, తనంతట తానే దారి పట్టి నడిచే ఓడల దిశాస్థిరత్వం. చిన్న తెరచాప పడవ నడిపేవారికి అది నేడు పనికివస్తుందా అన్నదే మన ప్రశ్న.

ఈ వ్యాసపు గొప్పతనం దాని ఆరంభంలోనే ఉన్నది. మినోర్‌స్కీ ముందు యంత్రాన్ని కాదు, చుక్కాని పట్టిన సరంగును గమనించాడు. ఓడ ఇప్పుడు ఎంత తప్పినది, ఎంత వేగంగా తప్పుతున్నది, ఇంతవరకు తప్పినది ఎంత పేరుకున్నది అనే మూడింటినీ నేర్పరి లెక్కలోకి తీసుకుంటాడని గ్రహించాడు. 1923లో న్యూ మెక్సికో యుద్ధనౌకపై పరీక్షలు జరిగినవి. అయినా సిబ్బంది వ్యతిరేకత వల్ల నావికాదళం ఆ పరికరాన్ని స్వీకరించలేదు.

చిన్న పడవలోని ఆటోపైలట్‌లో ఒక దిక్సూచి, 12 వోల్టుల మోటారు, చుక్కాని పిడిని నెట్టే కడ్డీ ఉంటాయి. పడవ సరిగా నడవనప్పుడు యంత్రాన్ని విప్పబోయే ముందు ఈ వ్యాసాన్ని తలచుకోవాలి. పడవ మెలికలు తిరుగుతున్నదా? తప్పిన దానికి మించి సవరణ జరుగుతున్నది, స్పందన తగ్గించాలి. దారికి రావడానికి బద్ధకిస్తున్నదా? పెంచాలి. ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగి పోతున్నదా? అక్కడ ఎడతెగని బలమేదో పనిచేస్తున్నది. మూడు జబ్బులకు మూడు మందులు. ఏ మీట ఎందుకు తిప్పాలో తెలిసినవాడికే సూచనల పుస్తకం ఉపయోగపడుతుంది.

ఇక లోపం. మినోర్‌స్కీ ఓడ ఇంజనుతో నడిచే బరువైన ఓడ. తెరచాప ఉన్నచోట కథ వేరు. గాలి పెరిగితే పడవ తనంతట తానే గాలివైపు మళ్ళజూస్తుంది. అప్పుడు మోటారును శిక్షించి లాభం లేదు, తెరచాప కుదించాలి. చేత్తో పట్టినప్పుడు పిడి బరువుగా ఉంటే యంత్రానికీ బరువే. ఇంకా కొన్ని చిక్కులు ఏ సమీకరణానికీ అందవు. దిక్సూచి పక్కన ఇనుప డబ్బా గాని, స్పీకరు అయస్కాంతం గాని ఉంటే యంత్రం తప్పు దారినే నిష్ఠగా పాటిస్తుంది. ఉప్పుగాలికి ప్లగ్గు చిలుము పడితే, మోటారు గట్టిగా నెట్టే క్షణంలోనే వోల్టేజి పడిపోయి యంత్రం ఆగిపోతుంది. కడ్డీని చుక్కాని ఇరుసుకు మరీ దగ్గరగా బిగిస్తే, అదే నెట్టుకు పిడి ఎక్కువ కోణం తిరుగుతుంది. మళ్ళీ పాము మెలికలే.

దీనిని వేడుక విషయం అనుకోరాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరిన తారిణి పడవలో ఆరుగురు మహిళా నౌకాధికారులు ఉన్నారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగువారు. చుక్కాని తిప్పే సాధనంలో లోపం రాగా, ఆ పడవ 2018లో మారిషస్‌లోని పోర్ట్ లూయీకి మళ్ళవలసి వచ్చినది. మే 21న క్షేమంగా గోవా చేరినది.

మొత్తంమీద మినోర్‌స్కీ వ్యాసం చదవదగినది, కాని అదొక్కటే చాలదు. అది సరంగు చేతిని వివరించినది గాని, అతని కన్నును కాదు. ఒంటరిగా పోయేవాడు కాలుజారి నీళ్ళలో పడితే, బాగా పనిచేసే యంత్రం పడవను తిన్నగా ముందుకే తీసుకుపోతుంది. వెనుకకు తిరిగి చూసే పని ఇప్పటికీ మనిషిదే.