సుగ్గి ఊళ్లలో చదువుకు తోడు

డిగ్రీ చదివే పిల్లలు హైస్కూలు పిల్లల వెంట ఉండి వాళ్లను పదో తరగతి గట్టెక్కించడానికి పడిన శ్రమ ఈ పుస్తకం నిండా ఉంది. ముందుమాట రాయమని అడిగినవాళ్లలో కొందరు ఒకప్పుడు నా బడి బెంచీల మీద కూర్చున్నవాళ్లే. ఆ అభిమానం ఎటూ ఉంటుంది. నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది మాత్రం వాళ్లు చేసిన పని.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఈ మండలాల్లో వానను నమ్ముకున్న చేలే ఎక్కువ. అందుకే సంక్రాంతికి అటూ ఇటూగా ఇళ్లకు తాళాలు పడతాయి. బోయ, మాదిగ, కురువ కుటుంబాలు బియ్యం మూటలు కట్టుకొని, పిల్లల్ని వెంటబెట్టుకొని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతల వలసకు, మా మాటలో సుగ్గికి, పోతాయి. చేల పక్కన గుడారాలు వేసుకొని కోతలు అయ్యేదాకా అక్కడే ఉంటాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలేమో మార్చిలో. హెడ్మాస్టరుగా పనిచేసిన వాణ్ణి కనుక చెబుతున్నాను, సుగ్గి మొదలైందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, హాజరుపట్టీయే చెప్పేది. సర్కారు సీజనల్ హాస్టళ్లు పెడుతోంది, అవి కావాలి, ఇంకా పెరగాలి. అయినా ఎదిగిన ఆడపిల్లను వదిలి వందల కిలోమీటర్లు పోవాలంటే కన్నవాళ్లకు తెలిసిన మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి.

ఆ తెలిసిన మనిషి ఎవరో ఈ పుస్తకంలో దొరికింది. బీఎస్సీ రెండో ఏడాది అమ్మాయి ఒకామె తొమ్మిదో తరగతి పిల్ల ఇంటికి పోయింది. మూటలు కట్టి ఉన్నాయి. పిల్లను బడి మాన్పించొద్దని ఆమె బతిమాలుతుంటే తండ్రి ఎదురు ప్రశ్న వేశాడు.

“నిన్ను ఎట్ల ఇడిసిపెట్టి పోయిరమ్మా మీ నాయనోళ్లు?”

“మా అవ్వ కాడ ఉంటి మామా. ఇప్పుడు గూడా మా అమ్మోళ్లు సుగ్గిలోనే ఉండారు.”

ఆ తొమ్మిదో తరగతి పిల్ల కూడా వాళ్ల అవ్వ దగ్గర ఆగింది. అదే మాట నేను చెబితే ఆ తండ్రి నమస్కారం పెట్టి వినేవాడు, తెల్లారి పిల్లను లారీ ఎక్కించేవాడు. అదే దారిన నడిచి, అదే ఆకలి తెలిసి, ఐదేళ్లు మాత్రమే ముందున్న అక్క చెప్పింది కనుక చెల్లింది. ఈ పుస్తకం బలమంతా అక్కడుంది.

ఈ పని జాతీయ సేవా పథకం కింద జరిగింది. విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేయాలన్న ఆలోచనను సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ముందుకు తెచ్చింది. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో పథకం మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి పోవాలి. ఊరు శుభ్రం చేసీ, మొక్కలు నాటీ ఆ గంటలు నింపవచ్చు. అవీ మంచి పనులే. వీళ్లు మాత్రం ఊరికొక రోజు తిరగకుండా, పట్టుకున్న బడినే పట్టుకున్నారు. పోయిన శనివారం వచ్చిన అక్కే ఈ శనివారమూ వచ్చింది. పిల్లలు గేటు దగ్గర ఎదురుచూడటం అలా మొదలైంది.

లెక్కల పాఠం గురించిన అధ్యాయం ప్రతి ఉపాధ్యాయుడూ చదవాలి. కిలో కాయ కోస్తే కూలి ఇంత, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంత, ఎన్ని కిలోలు కోస్తే బాకీ తీరుతుందంటే నోటితోనే చెప్పే పిల్ల, పుస్తకంలో ఎక్స్ కనబడగానే బిగుసుకుపోయింది. అప్పుడు ఒక వాలంటీరు, “మీ అమ్మ కోసిన కిలోలు ఎక్స్ అనుకో, మీ పిన్ని కోసినవి వై” అని మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి కోసింది ఒక సమీకరణం, ఇద్దరి మధ్య తేడా ఇంకో సమీకరణం. పలక మీద రెండు వరసలు పడేసరికి పిల్ల తానే బలపం తీసుకుంది. చదువు రాని పిల్ల అని బడి అంతా అనుకున్న పిల్ల!

శిబిరాల నివేదికలు, ఫొటోలు ఉన్న చివరి పుటల గురించి నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. పరీక్షల తర్వాతి రోజుల గురించి రాసిన భాగం మాత్రం వాటన్నిటికన్నా విలువైనది. పాసైనా ఇంటర్ గడప తొక్కని పిల్లలు మా వైపు ఎందరో. టీసీ, స్టడీ సర్టిఫికెట్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఎవరు తెచ్చిపెడతారు? ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉంటే సచివాలయం చుట్టూ ఎవరు తిరుగుతారు? పాలిసెట్ ఉందనీ, ఏపీఆర్‌జేసీ పరీక్ష ఉందనీ, పదో తరగతి మార్కులతోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు రావచ్చనీ సుగ్గి గుడారంలో ఎవరు చెబుతారు? ఈ డిగ్రీ పిల్లలే చెప్పారు. లెక్కల్లో తప్పి తల్లిదండ్రుల వెంట కోతలకు పోయిన అబ్బాయికి ఫోను చేసి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాస్తే ఏడాది పోదని చెప్పి, ఫీజు గడువు దాటకముందే బడికి రప్పించారు.

ఒక కొరత చెప్పాలి. బడిపిల్లలు తమ మాటల్లో రాసుకున్నది ఇందులో దాదాపు లేదు. రెండో ముద్రణలో వాళ్లచేత రాయించండి, తప్పులు దిద్దకుండా వేయండి.

పుస్తకం రాసిన పిల్లలందరికీ నా ఆశీస్సులు. వాళ్లలో చాలామంది ఈ ఏడాది డిగ్రీ ముగించి వెళ్లిపోతారు. ఏ పిల్లకు ఏ కాగితం రావాలో, ఏ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో రాసుకున్న నోటుపుస్తకాలను పరీక్షలకు ముందే జూనియర్లకు అప్పగించండి. జూనియర్లను వెంటబెట్టుకుపోయి, ఇంటింటికీ పరిచయం చేయండి. అది వచ్చే సంక్రాంతికి చాలా ముందే జరిగిపోవాలి.